మొదటి గంట

మార్చి 3, సోమవారం

ఫ్యాక్టరీలో కొలిమి ఆర్పేసిన రోజు నుంచి ఈ డైరీ ముట్టుకోలేదు. ఇవాళ తీశాను. ఎవరో ఒకరి మీద విసుక్కోవాలి కదా, ఇంట్లో వాళ్లందరి మీదా విసుక్కోవడం అయిపోయింది.

గాజు సీసాల ఫ్యాక్టరీలో కొలిమి ఒకసారి ఆరిందంటే మళ్లీ వెలిగించరని మాకు తెలుసు. అయినా అందరం గేటు దగ్గర నిలబడి పొగ గొట్టం వంక చూశాం. డిస్పాచ్ సెక్షన్‌లో ఇన్నేళ్లు లారీలను వేళకు పంపించిన దాన్ని, నన్ను నేను ఎక్కడికి పంపుకోవాలో తెలియక ఇంటికొచ్చాను.

ఊరికే కూర్చోలేదులే. పాత వాళ్లందరినీ పోగేసి ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టాను. పేరు ‘మొదటి గంట’. రూల్స్ ఇక్కడ కూడా రాసి పెట్టుకుంటున్నాను, రేపు ఎవరైనా కాదంటే మొహాన కొట్టడానికి. ఉద్యోగాల సైట్‌లో మనం ఒక పోస్టు పెడితే, మొదటి గంటలో దానికి పడిన లైకులూ కామెంట్లూ చూసి, దాన్ని ఇంకా ఎంతమందికి చూపించాలో ఆ సైటు తేల్చుకుంటుందట. ఉచితంగా క్లాసు చెప్పిన కెరీర్ కోచ్ అన్నాడు. కాబట్టి మాలో ఎవరు పోస్టు పెట్టినా గంటలోపు మిగతా అందరూ లైకు కొట్టాలి, కామెంటు పెట్టాలి. ఏం రాయాలో తెలియదని ఎలక్ట్రీషియన్ బుర్ర గోక్కుంటుంటే, పన్నెండు కామెంట్లు నేనే తయారు చేసి, నంబర్లు వేసి గ్రూపులో పడేశాను. ‘మీ ప్రయాణం మాకు స్ఫూర్తి.’ ‘ఇలాంటివి మరిన్ని పంచుకోండి.’ అలాంటివి. డిస్పాచ్ బుద్ధి ఎక్కడికి పోతుంది?

అందరూ దారికొచ్చారు, నిదానం తప్ప. ఆయన అసలు పేరుతో ఫ్యాక్టరీలో ఎవరూ పిలవలేదు. ముప్పై ఏళ్లు క్వాలిటీ చెకింగ్‌లో ఒక్కో సీసానూ వెలుతురుకు పట్టి చూసిన మనిషి. బుడగ ఉందా, సన్న పగులు ఉందా, అడుగు వంకర ఉందా. ఆయన చూసి వదిలిన సరుకు వెనక్కి రాలేదు నిజమే. ఆయన వదిలేలోపు గేటు దగ్గర డ్రైవర్లు మాత్రం నా ప్రాణాలు తోడేసేవారు.

ఇవాళ నేను పొద్దున్నే పోస్టు పెడితే ఆయన కామెంటు భోజనాల వేళ దాటాక వచ్చింది. అదీ ఒక పేరా. ‘సమయపాలన అని రాశారు, కానీ వాన కురుస్తుంటే డ్రైవర్లు తడుస్తారని మీరే ఒకసారి లారీలు ఆపించారు, అది రాస్తే ఇంకా బాగుండేది’ అని. ఫోన్ చేసి కేకలేశాను.

“అన్నయ్యా, గంట దాటాక పెడితే ఏం లాభం?”

“చదవాలి కదా చెల్లెమ్మా.”

“అంత రాయక్కర్లేదు. లిస్టులో సరిపోయేది ఒకటి ఏరి అతికించు, చాలు.”

చాలాసేపు మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోతే లైను పోయిందేమో అనుకుని అందరం హలో హలో అంటాం. నేనూ అన్నాను.

“ఉన్నానమ్మా. సరే, ఏరి పెడతాలే” అన్నాడు.

మార్చి 5, బుధవారం

అమ్మాయి ఇవాళ కాలేజీ ఎగ్గొట్టి మరీ నా పేజీ బాగుచేసింది. తెల్లగోడ ముందు నిలబెట్టి ఫొటో తీసింది.

“నవ్వమ్మా.”

“నవ్వుతూనే ఉన్నానే.”

“అది నవ్వా? లారీ టైరు పేలినట్టుంది మొహం.”

‘ప్రస్తుతం ఖాళీ’ అని రాస్తే కొట్టేసి ‘కొత్త అవకాశాలకు సిద్ధం’ అని పెట్టింది. నేను ఎవరెవరితో ఏమేం గొడవ పడ్డానో ఆ పాత పోస్టులన్నీ తీసేయించింది. ఉద్యోగం ఇచ్చేవాళ్లు ముందు అవే వెతుకుతారట. అంతా అయ్యాక చూస్తే ఆ పేజీలో ఉన్న మనిషి ఎవరో నాకే తెలియలేదు. చాలా మర్యాదస్తురాలు.

మార్చి 9, ఆదివారం

నిదానం ఇంటికి వెళ్లాను. రెండు గదులు. ముందు గదిలో వదిన కుట్టుమిషను, చుట్టూ బట్టల ముక్కలు. ఆయన కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, ఆఫీసులో లేచినట్టు.

పోస్టుకని ఏదో రాసుకున్నాడు, చూపించాడు. ‘సీసాలో చిన్న బుడగ ఉంటే పైకి ఏమీ కాదు. వేడినీళ్లు పోసిన రోజు తెలుస్తుంది.’ అంతే రాసి ఉంది. దాన్ని నేను ‘నాణ్యతే నా ఊపిరి’ అని మార్చాను.

“ఇది నేనన్నట్టు లేదు చెల్లెమ్మా” అన్నాడు.

“నువ్వన్నట్టుంటే ఎవరు చదువుతారు అన్నయ్యా?”

వదిన మిషను ఆపి నవ్వింది. ఆయనా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

ఆయన్ని నమ్ముకుంటే లాభం లేదని, నవ్వించి ఒక ఫొటో తీసుకుని, ఆరు వారాలకు సరిపడా పోస్టులు అక్కడే కూర్చుని నేనే రాసేశాను. సోమవారం, గురువారం, పొద్దున తొమ్మిదింటికి వాటంతట అవే వెళ్లేలా షెడ్యూల్ చేశాను. ఏప్రిల్ పదిహేడు దాకా ఆయన వేలు కదపక్కర్లేదు. పాస్‌వర్డ్ మరిచిపోతాడని అది కూడా నా దగ్గరే పెట్టుకున్నాను. ఒక్క లైకు కూడా వదులుకోకూడదని వదిన ఫోన్‌లోనూ సైటు పెట్టి, ఆయన పోస్టు రాగానే ఎక్కడ నొక్కాలో చూపించాను. “ఇంతేనా? గుండీ కుట్టడం కంటే తేలిక” అంది ఆవిడ.

బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చాడు.

“ఎవరైనా పిలుస్తారంటావా? నా వయసు చూస్తే...”

“వయసు అందులోంచి తీసేశానుగా.”

“అయితే వాళ్లు పిలిచేది నన్ను కాదన్నమాట” అన్నాడు. జోకు వేశాడనుకుని నవ్వాను. ఆయన జోకు వేయడం అదే మొదటిసారి.

మార్చి 13, గురువారం

ఫోన్ వచ్చింది! మందుల గోడౌన్‌లో డిస్పాచ్ మేనేజరు. మంగళవారం ఇంటర్వ్యూ. నా పోస్టు చూసే పిలిచారట. మొదటి గంట మహిమ. కోచ్‌కి దండం పెట్టాలి.

మార్చి 18, మంగళవారం

ఇంటర్వ్యూ బాగా జరిగింది. బాగానే జరిగింది. ముగ్గురు కూర్చున్నారు, మధ్యలో ఆయన లారీ ఆలస్యమైతే ఏం చేస్తారని అడిగాడు. నాకు నవ్వొచ్చింది. నన్నా అడుగుతున్నావు నాయనా అనుకుని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. చివర్లో ఒకావిడ నా పేజీ మళ్లీ ఒకసారి చూస్తామంది.

గ్రూపు పని మాత్రం మానలేదు. వెళ్లేటప్పుడు బస్సులో నిలబడే అందరికీ కామెంట్లు పెట్టేశాను, ఒకటే పదే పదే పడకుండా నంబర్ల వరసలో. నిదానం కూడా ఏదో పెట్టాడు, ఆయన రోజు కాకపోయినా. పెడితే ముందు నాకు చెప్పమన్నానా లేదా? పోనీలే, సొంతంగా పెట్టడం నేర్చుకున్నాడు. వరసలో ఏడోది వచ్చింది, అతికించి దిగిపోయాను.

చెప్పులు కరిచాయి.

మార్చి 19, బుధవారం

పొద్దున్నే వదిన ఫోన్.

“నిన్న పొద్దున బయటికెళ్లిన మనిషి ఇంతవరకు ఇంటికి రాలేదమ్మా. ఆయన ఏదో రాశాడు, చూశావా నువ్వు?”

“చూశానొదినా” అన్నాను.

ఫోన్ పెట్టేశాక చూశాను.

‘ముప్పై ఏళ్లు సీసాలు చూశాను. పనికొచ్చేది ఒక పక్క పెట్టాను, పనికిరానిది ఇంకో పక్క పెట్టాను. నన్ను ఏ పక్క పెట్టాలో నాకు తెలిసిపోయింది. ఇంట్లో బరువుగా ఉండదలచుకోలేదు. ఎవరి తప్పూ లేదు. అందరికీ సెలవు.’

కింద మొదటి కామెంటు నాది. ‘నూటికి నూరుపాళ్లూ నిజం. పూర్తిగా ఏకీభవిస్తున్నాను.’

దాని కింద సేల్స్ ఆయన, మీ ప్రయాణం మాకు స్ఫూర్తి అని. ఎలక్ట్రీషియన్, మరిన్ని పంచుకోండి అని. టైపిస్టు రెండు చప్పట్ల బొమ్మలు పెట్టింది. అందరూ గంటలోపే పెట్టారు. ఒక్కరు కూడా ఆలస్యం చేయలేదు.

మంచినీళ్లు తాగాను. ఆ తర్వాత నా కామెంటు తీసేశాను. ఏదైనా ఆలోచించి తీశానని చెప్పలేను, చెయ్యి దానంతట అదే వెళ్లింది.

వదిన దగ్గరికి పరిగెత్తాను. అప్పటికే పోలీసు స్టేషన్‌కు వెళ్లి ఫొటో ఇచ్చి వచ్చింది. ఆ పోస్టు చూపిస్తే స్టేషన్ ఆఫీసరు మొహం మారిపోయిందట, వెంటనే ఇద్దరిని పంపాడట. బస్టాండులూ ఆస్పత్రులూ వరసగా అడుగుతారట. కింద కామెంట్లు ఎలా తెరవాలో వదినకు తెలియదు. నేను లైకు ఒక్కటే నేర్పాను.

సాయంత్రం మళ్లీ చూస్తే ఆ పోస్టు కింద ఒక్క కామెంటూ లేదు. అందరూ తీసేసుకున్నారు. ఎవరూ ఎవరితోనూ అనలేదు.

మార్చి 20, గురువారం

వదిన ఇంట్లోనే ఉన్నాను. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఫోన్ టింగుమంది.

ఆవిడ చూసింది. చూసి లేచి నిలబడింది.

“వచ్చింది! ఆయన పెట్టాడు! చూడవే, చూడు, ఇప్పుడే పెట్టాడు!”

‘ప్రతి ఉదయం ఒక కొత్త అవకాశం. ఈ రోజు మీరు దేనికి సిద్ధంగా ఉన్నారు?’ పక్కన ఆయన ఫొటో, నేను పెట్టించిన నవ్వు. టైము తొమ్మిది.

“మనసు మార్చుకున్నాడు. కొత్త అవకాశం అంటున్నాడు. బతికే ఉన్నాడు నా మనిషి” అని నన్ను కావిలించుకుని ఏడ్చింది. ఆవిడ గుండె కొట్టుకోవడం నాకు తెలుస్తోంది. ఆ సమయంలో ఏం చెప్పమంటారు? ఎవరైనా చెప్పగలరా?

ఆవిడ పరుగున స్టేషన్‌కు వెళ్లి చూపించింది. నేనూ పక్కనే ఉన్నాను. ఆఫీసరు హమ్మయ్య అన్నాడు. “పోస్టులు పెట్టుకుంటున్న మనిషి తప్పిపోయినట్టు ఎలా అవుతుందమ్మా? కోపం తగ్గాక ఆయనే వస్తాడు. ఇంట్లో పోరు పెట్టకండి” అన్నాడు. వెతకడానికి వెళ్లిన ఇద్దరినీ ఫోన్ చేసి వెనక్కి పిలిచాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మాయి తలుపు దగ్గరే నిలబడి ఉంది.

“అమ్మా, అవి నువ్వు షెడ్యూల్ చేసినవే కదా?”

“నోర్ముయ్.”

“అత్తకి చెప్పావా?”

చెప్తాను. ఒక్క రోజు ఆవిడను ఊపిరి పీల్చుకోనిస్తే ఏం పోయింది? ఈలోపు ఆయనే వచ్చేస్తాడు. నిదానం కదా, ఏదైనా ఆలస్యంగానే చేస్తాడు.

మార్చి 21, శుక్రవారం

నా కామెంటు తీసేసింది వదిన చూస్తే బాధపడుతుందనే. ఇంకెందుకూ కాదు.

మార్చి 22, శనివారం

ఆయన నంబరుకు చేశాను. స్విచ్ ఆఫ్. ఆ రికార్డు గొంతు చెప్పాల్సింది చెప్పి ఊరుకుంది. ఊరుకున్నాక కూడా నేను హలో హలో అంటూ ఉన్నానట. మా ఆయన వచ్చి ఫోన్ నా చెవి దగ్గర నుంచి తీశాడు.

మార్చి 24, సోమవారం

‘విరామం అంటే ఆగిపోవడం కాదు. తర్వాతి అడుగుకు ఊపిరి తీసుకోవడం.’

నేను రాసిందే. రాసేటప్పుడు వదిన వేడివేడిగా టీ ఇచ్చింది, నాలుక కాలింది, ఆయన నిదానంగా తాగమ్మా అన్నాడు. అవన్నీ గుర్తొచ్చాయి. ఇవాళ ఆ మాటలు ఆయన గొంతులోనే వినిపించాయి. అబద్ధమాడను, ఒక్క క్షణం నేనూ నమ్మాను. ఎక్కడో ఊపిరి తీసుకుంటూ ఉన్నాడనుకున్నాను. నా చేత్తో నేనే పెట్టిన పోస్టును చూసి నేనే నమ్మాను.

గ్రూపులో వాళ్లందరూ గంటలోపు లైకులు కొట్టారు. ఆయన బతికున్నాడన్న సంతోషమట. ‘అన్నా, ఎక్కడున్నా క్షేమంగా ఉండు’ అని రాసింది టైపిస్టు. పాపం, నా లిస్టులో లేనిది రాసింది.

మధ్యాహ్నం వదిన వచ్చింది. ఇంతకుముందు మా ఇంటికి ఆవిడ ఎప్పుడూ రాలేదు, అడ్రసు కనుక్కుంటూ నడిచొచ్చింది.

“ఇందులో నేను కూడా రాయొచ్చా? కింద అందరూ రాస్తారు కదా, అలాగ. ఎలాగో నేర్పు తల్లీ.”

నేర్పాను. ఏం చేయను? ఆవిడ వేలు పట్టుకుని ఎక్కడ నొక్కాలో చూపించాను. అక్షరాలు వెతుక్కుంటూ చాలాసేపు రాసింది. ‘ఇంటికి రండి. ఎవరూ ఏమీ అనరు.’ రాసి, తప్పులేమైనా ఉన్నాయా చూడమని నాకిచ్చింది. తప్పులేమీ లేవు. నేనే పంపించాను.

“చదువుతాడు కదూ? ఆయన అన్నీ చదువుతాడు” అంది.

“చదువుతాడొదినా.”

అమ్మాయి ఆ గదిలోంచి లేచి వెళ్లిపోయింది.

మార్చి 25, మంగళవారం

ఉద్యోగం వచ్చింది. ఏప్రిల్ ఏడున చేరాలి. ఇంటర్వ్యూలో ఉన్న ఆవిడే ఫోన్ చేసింది. “మీ పేజీ అంతా చూశామండీ. తోటివాళ్లని ఎంత ప్రోత్సహిస్తారు! ఒక్కరిని కూడా వదలరు. అలాంటి మనిషే కావాలి మాకు” అంది.

థాంక్స్ చెప్పాను. ఏడుస్తుంటే మా ఆయన సంతోషమనుకున్నాడు. నేనూ సంతోషమనే చెప్పాను.

వాళ్లు చూడకముందే తీసేసి మంచి పని చేశాను. ఛీ. ఇది కొట్టేయాలి. కొట్టేయను, ఉండనీ.

మార్చి 26, బుధవారం

అమ్మాయి నాతో మాట్లాడటం లేదు. రేపు గురువారం. తొమ్మిదింటికి ఆయన ఏమంటాడో నాకు తెలుసు.

మార్చి 27, గురువారం

తొమ్మిది కాకముందే వెళ్లాను. వదిన ఫోన్‌ను మిషను మీద నిలబెట్టి, దాని ఎదురుగా కూర్చుని ఉంది. తల దువ్వుకుంది. ఆయన నిజంగా వస్తున్నట్టే ఉంది ఆవిడ వాలకం.

“వదినా, ఇప్పుడు ఏం వస్తుందో నేను చెప్పనా?” అన్నాను. “‘నేర్చుకోవడం ఆపిన రోజే మనం వెనకబడతాం’ అని వస్తుంది.”

ఆవిడ నా వంక చూసింది. ఫోన్ టింగుమంది. చదువుకుంది. మళ్లీ నా వంక చూసింది.

చెప్పేశాను. ఆ ఆదివారం ఇక్కడే కూర్చుని అన్నీ నేనే రాశానని, అవి వాటంతట అవే వెళ్తున్నాయని, ఆయన పెట్టింది ఆ మంగళవారంది ఒక్కటేనని. కామెంటు సంగతి కూడా చెప్పాను. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

“ఎన్నాళ్ల దాకా పెట్టావు?” అంది.

“వచ్చే నెల పదిహేడు దాకా.”

“అంటే అప్పటిదాకా నేను ఇలాగే కూర్చునేదాన్నా?”

ఆవిడ మిషను మీద గుడ్డను సర్దింది, మళ్లీ సర్దింది. తర్వాత నా వైపు తిరగకుండానే చెప్పింది.

“నేనూ నొక్కానే. ఆ మంగళవారం. పని మీద ఉన్నాను, టింగుమంటే చూడకుండా నొక్కేశాను. లైకు. నువ్వు నేర్పావు కదా.”

ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకోలేకపోయాం. ఆవిడే ముందు చెప్పులు వేసుకుంది. “నడు, స్టేషన్‌కి” అంది.

ఆఫీసరుకు ఒకటికి రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. “ఆ మాటలు ఆయనవి కావు సార్, నావి” అన్నాను. ఆయన నా ముందే పాస్‌వర్డ్ కొట్టించి మిగతా పోస్టులన్నీ చూశాడు. పదిహేడు దాకా వరసగా ఉన్నాయి, ఒక్కోదాని పక్కన ఆయన నవ్వుమొహం. ఆఫీసరు కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు.

“ఇది ఆ రోజే చెప్పి ఉంటే” అన్నాడు. ఆ మాట అక్కడే ఆపేసి ఫోన్ తీశాడు.

మిగిలినవన్నీ నా చేతే తీయించాడు.

మార్చి 31, సోమవారం

తొమ్మిదింటికి ఏమీ రాలేదు. ఇల్లంతా నిశ్శబ్దం. నేను రద్దు చేశానని తెలిసి కూడా, ఎదురు చూశాను.

ఏప్రిల్ 1, మంగళవారం

దొరికాడు. ఉన్నాడు.

పక్క ఊరి ఆస్పత్రిలో, జనరల్ వార్డులో. ఆ మంగళవారమే అక్కడి బస్టాండులో పడి ఉంటే ఎవరో చేర్చారట. ఏం చేసుకున్నాడో డాక్టరు వదినకు చెప్పాడు, వదిన నాకు చెప్పింది, నేను ఇక్కడ రాయను. ఫోను, పర్సు ఎవరో పట్టుకుపోయారు. స్పృహ వచ్చాక పేరు అడిగితే చెప్పలేదట. చార్టు మీద ‘పేరు తెలియదు’ అని రాసి ఉందట. అన్నాళ్లూ అలాగే పడుకుని ఉన్నాడు, ఎవరూ లేనివాడిలాగా.

ఆఫీసరు వదినతో అన్నాడట, ఆ గురువారం వరసలో అడగాల్సిన ఆస్పత్రుల్లో అది కూడా ఉందని. పోస్టు వచ్చిందని ఆపేశామని.

ఏప్రిల్ 4, శుక్రవారం

వదిన ఫోన్ చేసి ఆదివారం రమ్మంది. ఆయనే అడిగాడట. నన్నెందుకు అడుగుతాడు? వెళ్లాలి. వెళ్లను. వెళ్లాలి.

ఏప్రిల్ 6, ఆదివారం

వార్డులో మూల మంచం. సగమైపోయాడు. ముక్కూ కళ్లూ తప్ప మొహంలో ఏమీ మిగల్లేదు. కాళ్ల మీద నిలబడటానికి చాలా రోజులు పడుతుందట. నన్ను చూసి లేవబోయాడు, వదిన భుజం పట్టి పడుకోబెట్టింది. కాసేపటికి టీ తెస్తానని చెప్పి బయటికి వెళ్లింది. కావాలనే వెళ్లిందని నాకు తెలుసు.

“ఉద్యోగం వచ్చిందట” అన్నాడు.

“వచ్చిందన్నయ్యా. రేపు చేరాలి.”

“మంచిది.”

ఆ తర్వాత మాట్లాడలేదు. నేను హలో అనలేదు. దుప్పటి అంచు చూస్తూ కూర్చున్నాను. పక్క మంచం ఆయన దగ్గుతున్నాడు. నేనే మొదలుపెడదామని నోరు తెరిచేసరికి ఆయన అన్నాడు.

“అది పెట్టాక బస్టాండులో కూర్చుని ఫోన్ చూస్తూ ఉన్నాను చెల్లెమ్మా. ఎవరైనా ఫోన్ చేస్తారేమో చూద్దాం అనుకున్నా. చేస్తే వెనక్కి వెళ్లిపోదాం అని. ముందు నీదే వచ్చింది.”

“అన్నయ్యా...”

“లిస్టులోదే అని తెలుసు. ఏడో నంబరు. కానీ సరిపోయేది ఏరి పెట్టమన్నావు కదా నువ్వు. ఏరాలంటే చదవాలి. చదివే ఏరిందనుకున్నా. ఇంత తెలివైనది, చదివి, నిజమే అంటోంది అనుకున్నా.” ఊపిరి అందక కాసేపు ఆగాడు. “తర్వాత మిగతావాళ్లూ పెట్టారు. ఇంక చూడలేదు.”

ఏడుపు ఆగలేదు. పక్క మంచాల వాళ్లు చూస్తున్నా ఆగలేదు. “చదవలేదన్నయ్యా. నీ మీద ఒట్టు, ఒక్క ముక్క చదవలేదు. బస్సులో ఉన్నాను. వరసలో అది వచ్చింది, పెట్టేశాను. చదివి ఉంటే అలా పెడతానా?”

ఆయన ఆలోచించాడు. ఆ మాటను అటు తిప్పీ ఇటు తిప్పీ చూస్తున్నాడని తెలుస్తోంది. చెయ్యి చాపి నా చేతి మీద వేశాడు. చాలా తేలికగా ఉంది ఆ చెయ్యి.

“పెట్టవు” అన్నాడు. “చదవలేదు కాబట్టే పెట్టావు. ఊరుకో. నాకేం కోపం లేదు.”

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లూ గుండె మీద ఉన్న బరువు దిగిపోయిందనే అనుకున్నాను. కళ్లు తుడుచుకుని, వదిన టీ తెస్తోందేమో చూద్దామని తలుపు వైపు తిరిగాను కూడా.

“మరి చదివాక?” అన్నాడు.

వినపడనట్టు ఊరుకున్నాను.

“చదివాక ముందు ఏం చేశావు చెల్లెమ్మా?”

కోపంగా అడగలేదు. తెలుసుకుందామని అడిగాడు, అంతే. నా మొహం వంకే చూస్తున్నాడు. ఏదైనా చెప్పొచ్చు, పరిగెత్తుకుంటూ మీ ఇంటికి వెళ్లానని చెప్పొచ్చు, అది అబద్ధం కూడా కాదు.

“నా కామెంటు తీసేశానన్నయ్యా” అన్నాను.